పదిహేడో నంబరు ఫోను నోరు మూసుకున్న ఇరవై గంటలు

మంగళవారం ఉదయం పదకొండూ పదికి మేజర్ కుబాత్ తలుపు తోసుకుని వెళ్లేసరికి ఆ గదిలో ఒక మనిషీ, రెండువందల నలుగురు జనమూ ఉన్నారు.

మనిషి కుర్చీలో ఉంది. జనం గోడకి ఉన్నారు. ఇనప అరల్లో ముప్ఫై నాలుగు ఫోన్లు, ఒక్కో ఫోనులో ఆరుగురు మనుషులు. ప్రతి ఫోను వీపునా ఒక నంబరు, కింద దారంతో కట్టిన అట్టముక్కలు. కుబాత్ ఒకటి తిప్పి చూశాడు. 'జైనెప్. వయసు యాభై ఎనిమిది. ఊరు తలాస్. ముగ్గురు మనవలు. కోపం: మధ్యరకం.' దాని పక్కది: 'రిటైరైన సిపాయి. కోపం: ఎక్కువ. అక్షరదోషాలు: దండిగా.'

కింది అంతస్తులో పెళ్లి గౌన్లు అద్దెకిస్తారు. పై అంతస్తులో పెద్దమనుషుల్ని అద్దెకిస్తున్నారు. గౌను మీద మరకపడితే ఉతికి ఆరేస్తారు. ఇక్కణ్ణుంచి వదిలిన మరక మాత్రం ఐదు రోజుల కిందట కైంది-సూ అనే ఊళ్లో ఆస్పత్రిని బూడిద చేసింది.

పోయిన గురువారం ఉదయం తొమ్మిదీ ఐదుకి ఒక పోస్టు పడింది. నర్సు బెర్మెత్ సూదులు వేసి నలుగురు పిల్లల్ని చంపిందని, శవాలు దాచేసిందని. కింద ఆమె ఫొటో, దాని పక్కన నాలుగు తెల్లటి మూటల ఫొటో. ఆ మూటల ఫొటో ఏ దేశపు భూకంపంలోదో కుబాత్ కనిపెట్టేసరికి రెండు రోజులు పట్టింది. ఊరు నమ్మేసరికి రెండు గంటలు పట్టింది. పూర్వం శేరంటే ఒక తూకం ఉండేది. ఇప్పుడు షేరంటే తూకమూ లేదు, తూచేవాడూ లేడు. సాయంత్రం నాలుగింటికి జనం ఆస్పత్రికి నిప్పుపెట్టారు. బెర్మెత్ తల పగిలింది. ఆమె మొగుడు సగిన్, అంబులెన్సు డ్రైవరు, ఆమెను వీపున వేసుకుని బయటికి తెచ్చాడు. తెచ్చాక అతని కణతకి రాయి తగిలింది. ఇద్దర్నీ రాజధాని బిష్కెక్ తీసుకొచ్చి ఒకే ఆస్పత్రిలో పడుకోబెట్టారు. ఆమె నాలుగో అంతస్తు, అతను రెండో అంతస్తు. ఆదివారం మధ్యాహ్నం రెండూ పదికి రెండో అంతస్తులో మంచం ఖాళీ అయింది.

పోస్టు పెట్టినవాడెవడో తేలితే తప్ప ఈ పోస్టుమార్టం పూర్తికాదని కుబాత్ ఆఫీసులో అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వడానికి అనలేదు.

కుర్చీలో ఉన్న అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. ముందు రోజు రాత్రే ఈ గది నడిపే మేనేజరు సరిహద్దు దాటాడు. ఈమెకి ఎవరూ చెప్పలేదు కాబట్టి తొమ్మిదింటికి డ్యూటీకి వచ్చి, పోలీసుల కోసమన్నట్టు తనే తలుపు తాళం తీసి పెట్టింది.

"పేరు?"

"ఏ పేరు కావాలి బైకే?" అంది, అన్నని పిలిచినట్టు. "ఆ గోడమీద రెండువందల నాలుగున్నాయి."

"మీ అమ్మ పెట్టింది."

"సైకల్."

పేరు పాతకాలపు వీరవనితది. బతుకు మాత్రం పేరు మన చెవికి ఎలా వినిపిస్తుందో అలాగే నడిచింది. అనాథ హాస్టలు, బట్టల ఫ్యాక్టరీ, ఈ గది, ఎక్కినవాళ్లంతా తొక్కినవాళ్లే.

"గురువారం నాటి పోస్టు రాసింది నువ్వేనా?"

"నేను అరవై ఒక్క ఖాతాల్లోంచి దాన్ని పైకెత్తాను. రాయలేదు."

"రాసినదానికీ ఎత్తినదానికీ తేడా ఏంటి?"

"శవపేటిక చేసినవాడికీ మోసినవాడికీ ఉన్నంత." ఆ మాట అనేశాక ఆమె కళ్లు దించుకుంది. "మాకు పొద్దున్నే చిట్టీ వస్తుంది బైకే. 'పదిహేడు ఏదంటే అది ఎత్తండి' అని. పదిహేడంటే కల్మూర్జా తాత. కైంది-సూ ముసలాయన. అందరికంటే ఎక్కువమంది ఆయన్నే నమ్ముతారు."

"అలాంటి ముసలాయన ఆ ఊళ్లో లేడు."

"ఇక్కడ ఎవరున్నారు గనక."

కుబాత్ లేచి పదిహేడో నంబరు అర దగ్గరికి వెళ్లాడు. ముట్టుకోకుండా పక్కనుంచి వంగి చూశాడు. మిగిలిన ముప్ఫై మూడు ఫోన్ల అద్దాల మీదా వేళ్ల జిడ్డు, అడ్డంగా నిలువుగా గీతలు, ఒకదానిమీద సమ్సా నూనె మరక కూడా. పదిహేడు మీద వేలిముద్రే లేదు. సన్నటి దుమ్ము, పిండి జల్లెడ పట్టినట్టు సమంగా పరుచుకుని ఉంది. ఛార్జింగు తీగ మాత్రం గుచ్చి ఉంది.

"దీన్నెవరూ ముట్టుకోలేదు."

"వద్దన్నాడు మేనేజరు. సిమ్ము ఇక్కడుండాలి, ఖాతా తాళం మార్చాల్సొస్తే ఓటీపీ అంకెలు ఈ సిమ్ముకే వస్తాయి. అందుకే దాన్ని బతికించి ఉంచాం. రాసే చెయ్యి ఇంకెక్కడో ఉంది. ఒకసారి అడిగాను, ఎవరా తాత అని. 'తిండి పెట్టే చేతికి ముఖం వెతక్కు' అన్నాడు."

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. నాలుగు జతలు. మొదటి జత మిగిలిన మూడింటికంటే గట్టిగా పడుతోంది. అది ఎవరిదో తెలిసి కుబాత్ పళ్లు బిగించాడు.

భద్రతా కమిటీ లెఫ్టినెంట్ కల్నల్ ఉర్మత్ గుమ్మంలో నిలబడి గదిని ఒకసారి కొలిచాడు. వెనక ఇద్దరు మనుషులు, వీడియో కెమెరాతో ఇంకొకడు. ఉర్మత్, కుబాత్ పోలీసు కాలేజీలో ఒకే బెంచీ. ఇప్పుడు ఒకే కేసు. బెంచీ మీద సర్దుకున్నంత తేలిగ్గా కేసులో సర్దుకోలేకపోతున్నారు.

"దోస్తు, నీకంటే ముందు రావాలని చాలా వేగంగా వచ్చాను. నువ్వు నడుచుకుంటూ వచ్చి కూడా నన్ను దాటేశావు."

"నేను కెమెరా మోసుకురాలేదు కదా."

"ఇది మా కేసు. పరాయి దేశం డబ్బుతో నడిచిన గూడు. గూడు దొరికింది, పిట్ట దొరికింది. మధ్యాహ్నం వార్తల్లో వేస్తాం." ఉర్మత్ సైకల్ వైపు చెయ్యి చాపాడు. "లేమ్మా."

"పిట్ట దొరికింది సరే, గుడ్డు పెట్టింది ఇది కాదు." కుబాత్ ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. "అరగంట ఇవ్వు."

"నీకు ఐదు రోజులిచ్చాం. ఐదు రోజుల్లో నువ్వు పట్టుకున్నది ఒక భూకంపం ఫొటో."

"నువ్వు పట్టుకున్నది ఒక కెమెరా. అరగంట, ఉర్మత్. తర్వాత నువ్వే తీసుకెళ్లు."

ఉర్మత్ గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై ఎనిమిది. కెమెరా మనిషికి సైగ చేశాడు. అతను కెమెరా కిందికి దించాడు.

కుబాత్ సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్లమీద పరిచాడు. ఖాతాల పేర్లు, పోస్టులు, సమయాలు.

"అమ్మాయ్, ఆదివారం మూడుంబావుకి అరవై ఒక్క ఖాతాల నుంచి సంతాపాలు పెట్టావు. సగిన్ పోయాడని."

"మేనేజరు పెట్టమన్నాడు. ఆస్పత్రిలో ఎవరో చెప్పారట ఆయనకి. నర్సు పాపం మొగుడికి చుట్టుకుందని రాయమన్నాడు. పేర్లు మార్చి రాశాను."

"అప్పటికి పెళ్లానికి చెప్పారో లేదో కనుక్కున్నారా?"

సైకల్ అర్థంకానట్టు చూసింది. హాస్టల్లో పెరిగిన పిల్ల. ఆమెకి ఎవరైనా చచ్చిపోతే వార్డెను ఆఫీసు గదిలోకి పిలిచి చెప్పి, బయటికి పంపేది. అంతే తెలుసు. ఉర్మత్ మాత్రం ఆ ప్రశ్న వినగానే గోడకి ఆనుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు. అతనిదీ కొండప్రాంతమే.

"చెవిన వెయ్యడం," అన్నాడు మెల్లిగా.

"అదే. పోయినవాడి పెళ్లానికీ, తల్లికీ, బిడ్డకీ ఆ మాట ఫోనులో చెప్పరు, వీధిలో చెప్పరు. పెద్దవాళ్లు ముగ్గురో నలుగురో వచ్చి చెరోపక్కా కూర్చుని, భుజాలు పట్టుకుని, చెవిన వేస్తారు. అంతవరకూ ఊరంతా నోరు కుట్టేసుకోవాలి."

తల్లి పోయినప్పుడు కుబాత్ సైన్యంలో ఉన్నాడు, పందొమ్మిదేళ్లు. రెండు రోజులపాటు బారకాసులో ప్రతివాడూ తన పళ్లెంలోంచి మాంసం తీసి అతని పళ్లెంలో వేశాడు. అదృష్టం తిరిగిందనుకుని కడుపునిండా తిన్నాడు. మూడోరోజు గేటు దగ్గర మేనమామల టోపీలు కనిపించాకగానీ అది ఏ మాంసమో తెలియలేదు.

"బెర్మెత్ పరిస్థితి చూసి సోమవారం ఉదయం చెబుదామనుకున్నారు పెద్దలు," అన్నాడు. "ఊళ్లో నిజమైన మనుషుల ఖాతాలు నూట నలభై మూడు చూశాను. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా సగిన్ పేరు ఎత్తినవాడు ఒక్కడు లేడు. ఆవిడ ఆస్పత్రిలో ఫోను చూస్తుందేమోనని. సంతాపాలు పెట్టిందల్లా మీ గోడే."

"అయితే అబద్ధం ఖాతాలేవో తేలిపోయింది," అన్నాడు ఉర్మత్. "సంతోషం. పిల్లని ఇచ్చెయ్."

"అరవై ఒకటి తేలాయి. ఒకటి తేడా కొట్టింది." కుబాత్ ఒక కాగితం తీసి అతనిముందు పెట్టాడు. "పదిహేడు. కల్మూర్జా తాత. శనివారం ముప్ఫై ఎనిమిది పోస్టులు. ఆదివారం మధ్యాహ్నం రెండూ ఐదు దాకా ఇరవై ఒకటి. ఆ తర్వాత ఏదీ? రాత్రి ఖాళీ. తెల్లారి ఖాళీ. మళ్లీ నోరు విప్పింది సోమవారం పదీ ఇరవై ఒకటికి. 'సగిన్ పడుకున్న చోటు మెత్తగా ఉండుగాక. నర్సు పాపానికి బంగారంలాంటి మనిషి పోయాడు.'"

"నిద్రపోయుంటాడు."

"ఇరవై గంటలా? ఆయనేం ఎలుగుబంటా?"

"ఫోను చెడిపోయుండొచ్చు. అబద్ధాలకోరు నువ్వనుకున్నట్టే ఆలోచిస్తాడా?"

"అదే నేనూ అనుకున్నాను. వీడు ఊరి పిల్లల పేరు మీద అబద్ధం ఆడాడు, శవాల మీద అబద్ధం ఆడాడు. కానీ ఈ ఒక్క ఆచారం దగ్గర వాడి వేలు లేవలేదు. వాడికి తెలియకుండానే ఆగిపోయాడు ఉర్మత్. మన ఇళ్లల్లో పెరిగినవాడు ఎవడైనా ఆగిపోతాడు. అంటే వాడు ఈ గదివాడు కాదు. పరాయి దేశంవాడు అసలే కాదు. సగిన్ చుట్టూ ఉన్నవాళ్లలోనే ఒకడు."

ఉర్మత్ కాగితం తన వైపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడు సమయం చూడు. నాలుగో అంతస్తులో బెర్మెత్‌కి చెవిన వేసింది సోమవారం పదీ పదిహేనుకి. ఆ అరుపు నేను తలుపు బయట నిలబడి విన్నాను, అందుకే గడియారం చూసుకున్నాను. 'చెవిన వేశాం, ఇక నోరు విప్పొచ్చు' అని ఊరికి కబురు వెళ్లింది పదకొండింటికి. ఆస్పత్రి పెరట్లో నిలబడి పెద్దలే ఫోను చేశారు. పోస్టు పడింది పదీ ఇరవై ఒకటికి. ఊరికి తెలియక ముందు, ఆవిడకి తెలిసిన ఆరు నిమిషాలకి. ఆ సంగతి తెలిసినవాళ్లు అప్పటికి ఎంతమంది?"

"లోపలున్నవాళ్లు. డాక్టరు..."

"డాక్టరు రష్యావాడు. కిర్గిజులో 'నొప్పుందా' తప్ప ఇంకోమాట రాదు. పెద్దలు ముగ్గురు. ఇద్దరి దగ్గర మీటల ఫోన్లు. ఊరికి చెయ్యడానికి కళ్లజోడు సర్దుకుని అంకెలు నొక్కుతుంటే నేను చూశాను. మూడో ఆయన దగ్గరుంది అరచెయ్యంత అద్దం ఫోను. సగిన్ తండ్రికి తమ్ముడు."

"ఎసెన్‌గుల్ అక్సకల్," అన్నాడు ఉర్మత్. ఊరిపెద్దకి ఇచ్చే ఆ బిరుదుతో కలిసి, ఆ పేరు అతని నోట్లోంచి మామూలుగా రాలేదు.

"ఆయనే. ఊరికి పైనున్న మేత భూమి బంగారం కడిగేవాళ్లకి కౌలుకిచ్చిందీ ఆయనే. రెండేళ్లయింది. ఆ కడుగుడు నీళ్లు ఊటలోకి దిగుతున్నాయి. పిల్లలు జబ్బుపడుతున్నది సూదులకి కాదు, ఊటనీళ్లకి. ఒకడు చనిపోయాడు, పదకొండుమంది రక్తపరీక్షలు బెర్మెత్ రిజిస్టరులో ఉన్నాయి. నిన్న సాయంత్రం నాకు ఆవిడే చెప్పింది. రిజిస్టరు మంటల్లో పోలేదు, దాచాను, ఖననం అయ్యాక ఎక్కడుందో చెబుతాను అంది."

"నీకొక్కడికే చెప్పిందా?"

కుబాత్‌కి నిన్న సాయంత్రపు ఆ గది కళ్లముందు కదిలింది. కిటికీ దగ్గర తను. మంచం పక్కన స్టూలు మీద ఎసెన్‌గుల్, రుమాలుతో కోడలి మొహం తుడుస్తూ, 'మాట్లాడకు తల్లీ, అలిసిపోతావు' అంటూ.

"ఆయనా ఉన్నాడు," అన్నాడు. "ఉర్మత్, నాలుగో అంతస్తుకి ఫోను చెయ్యి. మీవాడేగా కాపలా. ఎసెన్‌గుల్‌ని ఆ తలుపు దాటనివ్వొద్దని చెప్పు."

ఉర్మత్ ఫోను తియ్యలేదు. అతని మొహంలో రంగు, అద్దెకి తెచ్చిందాన్ని తిరిగిచ్చేసినట్టు, మొత్తం పోయింది.

"ఆవిడ ఆస్పత్రిలో లేదు."

"ఏంటి?"

"రేపు ఖననం కదా. పెళ్లాం శవం ఉంచిన గుడారంలో కూర్చుని ఏడవకపోతే ఊరు ఏమనుకుంటుందన్నాడు. కొడుకులాంటివాణ్ణి పోగొట్టుకున్న ముసలాయన నా చేతులు పట్టుకున్నాడు. తొమ్మిదిన్నరకి పంపించేశాం. తన జీపులోనే తీసుకెళ్లాడు." అడగకుండానే చెప్పాడు. "కాగితం మీద సంతకం నాదే."

పదకొండూ నలభై ఏడు.

కుబాత్ బెర్మెత్ నంబరుకి చేశాడు. ఆగిపోయి ఉంది. బోమ్ కనుమ మొదట్లో ఉన్న తనిఖీ చావడికి చేశాడు. తెల్ల జీపు, నంబరు చివర 417, పదకొండూ ఐదుకి దాటింది, కమిటీవారి కాగితం చూపించారు, సెల్యూట్ కొట్టి పంపాం సార్ అన్నాడు అవతలివాడు, మెచ్చుకోలు ఆశిస్తున్నట్టు. ఉర్మత్ అప్పటికే తనవాళ్లతో మాట్లాడుతున్నాడు. కనుమ అవతల వాళ్ల బండి లేదు. దగ్గర్లో ఉన్నది రావడానికి గంట. జిల్లా పోలీసులకి చెప్పాలా వద్దా అని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆస్పత్రి కాలుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డ పోలీసులు వాళ్లే.

"పన్నెండున్నరకల్లా పై మేతల దారి మలుపు తిరుగుతాడు," అన్నాడు కుబాత్. "అక్కణ్ణుంచి సిగ్నలుండదు. సాయంత్రానికి ఊళ్లోకి ఒక్కడే వస్తాడు. తలకి దెబ్బతగిలిన మనిషి, దారిలో ప్రాణం పోయిందంటాడు. ఎవరు కాదంటారు?"

కుబాత్ చూపు పదిహేడో నంబరు మీద పడింది.

"ఈ తాత వెంట ఎంతమంది నడుస్తారు?"

"నలభై ఒక్క వేలు," అంది సైకల్. "సగం మంది ఆ దారిలోవాళ్లే. లారీ డ్రైవర్లు, చాయ్‌ఖానాలవాళ్లు, గుర్రప్పాల కుమీస్ అమ్మేవాళ్లు. వాళ్లు మాత్రం నిజం మనుషులు బైకే."

"నా పేరుతో రాస్తే?"

ఆమె తన ఫోనులో వెతికింది. "మీకు పద్నాలుగు మంది. అందులో ఇద్దరు మావాళ్లు."

ఉర్మత్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "వద్దు కుబాత్. ఆస్పత్రి తగలబెట్టింది ఆ నలభై ఒక్క వేలే. మళ్లీ వాళ్లనే రోడ్డుమీదకి పిలుస్తావా? ఏం చేసిందని ఈ పిల్లకి సంకెళ్లు వెయ్యబోతున్నామో, అదే పని మనం చేస్తామా?"

"నీ దగ్గర వేరే దారి ఉంటే చెప్పు. ఉంటే ఇప్పుడే కెమెరాముందు నీ కాళ్లకి దణ్ణం పెడతాను."

ఉర్మత్ పక్కకి తప్పుకున్నాడు.

"ముందు తాళం మార్చు," అన్నాడు కుబాత్. "ఆయన చేతిలోంచి ఆ తాతని లాగెయ్." సైకల్ దుమ్ము మీద వేలుపెట్టింది. అంకెలు ఈ సిమ్ముకే వచ్చాయి. నలభై సెకన్లలో కల్మూర్జా తాత సొంతదారు మారాడు. కుబాత్ ప్రతి మాటా తూచి చెప్పాడు, ఆమె రాసింది. పన్నెండూ ఒకటికి పోస్టు పడింది.

'కనుమ దాటి పైకి వస్తున్న తెల్ల జీపు, చివర 417. లోపల దెబ్బలు తగిలిన ఆడమనిషి ఉంది. ఆమెకి ప్రాణభయం ఉంది. జీపు ఆపండి. ఎవరిమీదా చెయ్యి వెయ్యకండి. పోలీసులు వచ్చేదాకా కాపలా కాయండి.'

బెర్మెత్ పేరు రాయలేదు. కావాలనే.

మూడు నిమిషాల్లో రెండువందలు. ఆరు నిమిషాల్లో పదిహేనువందలు. సైకల్ అలవాటుకొద్దీ మిగతా ఫోన్ల వైపు చెయ్యి చాపి, కుబాత్‌ని చూసింది. అతను తల ఊపాడు. అరవై ఒక్కమంది అబద్ధపు మనుషులు జీవితంలో మొదటిసారి ఒక నిజాన్ని భుజానికెత్తుకున్నారు.

పన్నెండూ పదమూడు. ఒక లారీ డ్రైవరు రాశాడు: 'ఆపాం. కనుమ దాటాక మూడో చాయ్‌ఖానా దగ్గర. రెండు లారీలు అడ్డం పెట్టాం.'

మరొకడు: 'ముసలాయన దిగాడు. తాళాలు లాక్కున్నాం.'

ఉర్మత్ గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కుబాత్ ఉర్మత్ మనుషులకి ఆ చోటు చెప్పి, నలభై నిమిషాల్లో చేరతామన్న మాట తీసుకున్నాడు. నలభై నిమిషాలు ఆ జనం కాపలా కాస్తే చాలు.

పన్నెండూ పదిహేడు. ఎవరో ఫొటో పెట్టారు. జీపు వెనక సీటు. తలకి కట్టు, ఒక పక్కకి వాలిన మొహం, సగం తెరిచిన కళ్లు. బతికే ఉంది.

కింద ఒక ఆడమనిషి అడిగింది: 'ఈవిణ్ణి ఎక్కడో చూశాను కదూ?'

సైకల్ వేళ్లు ఆగిపోయాయి. "బైకే," అంది. "ఈ మొహం గురువారం పొద్దున వాళ్లందరికీ పంపింది నేనే. అరవై ఒక్కసార్లు."

కుబాత్ వంగి చూసేలోపే జవాబు పడింది. 'సూదుల నర్సు. పిల్లల్ని చంపింది ఇదే.' దాని పక్కన మెచ్చుకోళ్ల అంకె తొమ్మిది, కన్నుమూసి తెరిచేసరికి ముప్ఫై, ఆ తర్వాత నూట పన్నెండు. చాయ్‌ఖానాకి దగ్గర్లో ఉన్నవాళ్లు బయల్దేరుతున్నామని రాస్తున్నారు. ఎంతమంది వస్తున్నారో రాస్తున్నారు. ముసలాయన్ని వదిలెయ్యండి, ఆయన తప్పేమీ లేదు అని ఒకరు రాశారు. దానికి వెంటనే రెండువందలు.

నలభై ఒక్క వేలమంది తాత ఇంకేం చెబుతాడా అని చూస్తున్నారు. సైకల్ పదిహేడో నంబరు ఫోనుని రెండు చేతులా పట్టుకుని, తల ఎత్తి కుబాత్ మొహంలోకి చూసింది.

"తొందరగా చెప్పండి బైకే. ఏం రాయను?"